కంటి శిబిరం పెడుతున్నారా? తేదీ ఆఖరున ఖాయం చేయండి

సేవా క్లబ్ మీటింగ్‌లో కంటి శిబిరం మాట రాగానే అందరూ అడిగేది ఒకటే, ‘ఎప్పుడు పెడదాం?’ అని. ఆ ప్రశ్నని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: కళ్ళు చూసి ‘మీకు ఆపరేషన్ చేయాలి’ అని చెప్పి పంపిన మనిషిని ఆ తర్వాత ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడికి తీసుకెళ్తారు, ఆపరేషన్ అయ్యాక ఇంటికి ఎవరు చేరుస్తారు, నెల తర్వాత ఆ కన్ను ఎలా ఉందో ఎవరు కనుక్కుంటారు? ఈ నాలుగింటికీ మనుషుల పేర్లతో సహా జవాబులుంటే శిబిరం పెట్టండి. లేకపోతే ఇంకో రెండు నెలలు ఆగండి, ఏం పోదు.

అనుభవం మీద చెబుతున్నాను. మా క్లబ్ పెట్టిన మొదటి శిబిరం పైకి చూడ్డానికి చాలా బాగా జరిగింది. జనం వచ్చారు, ఫొటోలు వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలలకి ఒక పెద్దావిడ మా మీటింగ్ హాలు వెతుక్కుంటూ వచ్చింది, చేతిలో ఆ రోజు మేం రాసిచ్చిన చీటీ. నాలుగు మడతలు పెట్టి దాచుకున్న కాగితం, మడతల దగ్గర ఇంకు చెదిరిపోయి ‘కుడి కన్ను, శుక్లం’ అన్న ముక్క మాత్రమే మిగిలింది. "కబురు చేస్తామన్నారు కదా బాబూ, ఇల్లు తెలియక రాలేదేమోనని నేనే వచ్చాను" అంది. తప్పు మాది, ఆవిడేమో తన ఇల్లు దొరకలేదేమో అనుకుంటోంది. రిజిస్టర్ తీసి చూస్తే ఆవిడ పేరుంది, వయసుంది, ఫోన్ నంబర్ గడి మాత్రం ఖాళీ. ఇప్పుడు మేం పాటిస్తున్న పద్ధతంతా ఆ ఖాళీ గడి దగ్గరే మొదలైంది.

సేవా క్లబ్బులకీ కళ్ళకీ సంబంధం ఇవాళ్టిది కాదు. 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో అమెరికాలో లయన్స్ క్లబ్బుల సంఘం ఏర్పడింది, 1925లో ఓహాయోలో జరిగిన వాళ్ళ మహాసభకి, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి చూపులేనివాళ్ళ కోసం పనిచేయమని స్వయంగా అడిగింది, అప్పట్నుంచి అది వాళ్ళ ముఖ్యమైన పని అయింది. నాకు అంతకంటే నచ్చేది 1930 నాటి సంగతి. పియోరియా అనే ఊళ్ళో ఒక లయన్స్ సభ్యుడు, నల్లటి చేతికర్రతో రోడ్డు దాటలేక అవస్థ పడుతున్న మనిషిని చూశాడు. ఆ కర్ర బండి నడిపేవాళ్ళకి కనబడటం లేదని గమనించాడు. క్లబ్ ఆ కర్రలకి తెల్ల రంగు, ఎర్ర పట్టీ వేయించి పంచింది. పెద్ద ఖర్చేం కాదు. ఆ మనిషికి అడ్డుపడుతున్నది ఏమిటో నిలబడి చూడటమే అక్కడ అసలు పని. మీ శిబిరానికి కూడా అంతే, మీ దగ్గర చూపు తగ్గినవాళ్ళకి అడ్డుపడుతున్నది ఏమిటో ముందు కనుక్కోండి. పరీక్ష చేసేవాళ్ళు లేకా, తీసుకెళ్ళేవాళ్ళు లేకా, భయమా, డబ్బా? ఒక పదిమందిని అడిగితే తెలిసిపోతుంది.

ఆస్పత్రితో ముందే మాట్లాడుకోండి

కంటి ఆస్పత్రి ఏదో ఒకటి తోడు లేకుండా ఈ పని జరగదు. మాట్లాడటానికి ఇద్దరు వెళ్ళండి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. శిబిరానికి డాక్టర్ వస్తారా లేక ఆప్టోమెట్రిస్టులు (చూపు పరీక్షించి కళ్ళద్దాల పవర్ తేల్చేవాళ్ళు) మాత్రమే వస్తారా, రోజుకి ఎన్ని ఆపరేషన్లు చేయగలరు, ఏ లెన్స్ వేస్తారు, ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలి, తర్వాతి చెకప్‌లు ఆస్పత్రిలోనా, మన దగ్గరా? ఆపరేషన్ తర్వాత ఏదైనా తేడా చేస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అన్నది తప్పకుండా అడగండి. అడగడానికి మొహమాటపడతాం కానీ, మంచి ఆస్పత్రి ఏదైనా ఈ ప్రశ్నకి సంతోషంగానే జవాబు చెబుతుంది. చెప్పకుండా దాటవేస్తే ఇంకో ఆస్పత్రి చూసుకోండి.

మాట్లాడుకున్నదంతా ఒక పేజీలో రాసి రెండువైపులా సంతకాలు పెట్టించండి. వాళ్ళు నెలలో చేయగలిగిన ఆపరేషన్ల సంఖ్య తెలిస్తే శిబిరం ఎంత పెద్దది పెట్టాలో తెలుస్తుంది. వాళ్ళ చేతిలో నలభై ఆపరేషన్లకి వీలుంటే, రెండొందల మందికి శుక్లం ఉందని చెప్పి పంపడం వాళ్ళకి ఆశపెట్టి వదిలేయడమే.

డబ్బు సంగతి

దీన్ని త్వరగా చెప్పేస్తాను. సభ్యుల చందాలు వేరు, శిబిరం కోసం జనం ఇచ్చిన డబ్బు వేరు, రెండూ ఒకే ఖాతాలో కలవకూడదు. జనం సేవ కోసం ఇచ్చిన దాంట్లోంచి క్లబ్ టీ ఖర్చు కూడా పోకూడదు. ఇద్దరి సంతకం లేనిదే డబ్బు కదలకూడదు. ప్రతి దాతకీ రసీదు. బడ్జెట్ రాసేటప్పుడు వరస ఇలా పెట్టండి: ముందు రోగుల రాకపోకలు, తర్వాత చుక్కల మందులు, తర్వాత కళ్ళద్దాలు, మిగిలితే బ్యానరు, స్టేజీ. చాలా క్లబ్బుల్లో ఈ వరస తలకిందులుగా ఉంటుంది, మాదీ ఒకప్పుడు అలాగే ఉండేది.

చోటు, ఆ తర్వాత తేదీ

ఇప్పుడు చోటు చూడండి. మెట్లు ఎక్కాల్సిన హాలు వద్దు. చూపు పరీక్షించే మామూలు అక్షరాల చార్టుని 6 మీటర్ల దూరం నుంచి చదివిస్తారు, కాబట్టి అంత పొడవున్న గది ఒకటి కావాలి. లేకపోతే 3 మీటర్ల దూరానికి తయారుచేసిన చార్టు తెమ్మని ముందే చెప్పండి, 6 మీటర్ల చార్టునే దగ్గర్లో పెట్టి చదివిస్తే ఫలితాలన్నీ తప్పొస్తాయి. చార్టు మీద వెలుతురు బాగా పడాలి, చదివేవాళ్ళ కళ్ళలోకి కిటికీ వెలుగు కొట్టకూడదు. డాక్టర్‌కి కావాల్సింది మాత్రం దీనికి పూర్తిగా భిన్నం, చీకటి చేయగలిగిన గది. వీటితోపాటు తాగునీళ్ళు, నీడ, కుర్చీలు, దగ్గర్లో టాయిలెట్. టాయిలెట్‌కి దారి చూపించడానికే ఒక వాలంటీర్‌ని పెట్టండి.

ఇవన్నీ కుదిరాకే తేదీ. శిబిరం తర్వాత రెండు వారాల్లోపు ఆపరేషన్లు మొదలయ్యేలా ఆస్పత్రి డేట్లు చూసుకుని ఖాయం చేయండి. మధ్యలో నెలలు గడిస్తే చాలామంది మనసు మార్చుకుంటారు.

చూపు సరిగా లేనివాళ్ళకి పోస్టర్ ఏం కనబడుతుంది?

మా మొదటి శిబిరానికి మంచి రంగుల పోస్టర్లు అచ్చు వేయించాం. ఎవరికోసం శిబిరం పెట్టామో వాళ్ళే వాటిని చదవలేరన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. నోటిమాటగా చెప్పండి, మైకులో చెప్పించండి, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకి చెప్పండి, స్కూలు పిల్లలకి చెప్పి ఇంట్లో తాతయ్యలకీ అమ్మమ్మలకీ చెప్పమనండి. ఇల్లు కదలనివాళ్ళే అసలు రావాల్సినవాళ్ళు, కాబట్టి ఒక వాలంటీర్ వెళ్ళి పిలిస్తేనే పని అవుతుంది.

చెప్పేటప్పుడు మూడు విషయాలు కలిపి చెప్పాలి. పాత కళ్ళద్దాలు ఉంటే తెచ్చుకోవాలి, వాడుతున్న మాత్రలన్నీ కవరుతో సహా తెచ్చుకోవాలి, తోడు ఒకరు రావాలి. తోడు ఎందుకంటే, కంటి లోపలి వెనక పొరని, అంటే రెటీనాని, చూడటానికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు చూపు మసగ్గా ఉంటుంది, వెలుగు భరించలేరు, బండి అసలు నడపకూడదు. ఇంకో మాట కూడా మైకులో చెప్పించండి: ఉన్నట్టుండి చూపు పోయినా, కళ్ళముందు మెరుపులు, కొత్తగా నల్లటి చుక్కలు కనిపించినా, కన్ను ఎర్రబడి బాగా నొప్పి పెట్టినా, శిబిరం కోసం ఎదురుచూడకుండా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

శిబిరం రోజు

బల్లలు వరసగా వేయండి, మనిషి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి వెళ్ళాలి, మళ్ళీ వెనక్కి రాకూడదు. మొదటి బల్ల దగ్గర పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబర్ రాసుకుంటారు. ఆ మనిషికి ఫోన్ లేకపోతే కొడుకుదో, కోడలిదో, పక్కింటివాళ్ళదో రాసుకోవాలి, అదీ రెండు నంబర్లు. రాసిన నంబర్‌కి అక్కడే ఒకసారి రింగ్ ఇచ్చి చూడండి. ఈ ఒక్క అలవాటు మా ఫాలో-అప్ రూపురేఖలే మార్చేసింది.

రెండో బల్ల చూపు పరీక్ష. ఒక్కో కన్ను విడివిడిగా చూడాలి, మూసుకునే కంటిని అరచేత్తో కప్పాలి కానీ వేళ్ళతో నొక్కకూడదు, నొక్కితే ఆ కన్ను కాసేపు మసకబారి తర్వాత పరీక్షలో తప్పు చూపిస్తుంది. దూరపు చూపు కళ్ళద్దాలు ఉన్నవాళ్ళు అవి పెట్టుకునే చదవాలి. చదువు రానివాళ్ళకి మూడు కాళ్ళ గుర్తుండే చార్టు వాడతారు, ఆ కాళ్ళు ఏవైపు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. ‘మీకు చదువొచ్చా?’ అని అందరిముందూ గట్టిగా అడగకండి, మొదటినుంచీ అందరికీ ఆ చార్టే వాడితే ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఇక్కడ ఒక చిన్న పరికరం గురించి చెప్పాలి. నల్లటి పలకకి మధ్యలో సన్నటి రంధ్రం ఉంటుంది, పిన్‌హోల్ అంటారు. పై వరసలు కూడా చదవలేకపోయిన మనిషి ఆ రంధ్రంలోంచి చూడగానే ఇంకో రెండు మూడు వరసలు చదివేస్తే, చాలావరకు ఆ లోపం కళ్ళద్దాలతో సరిపోయేదే. రంధ్రంలోంచి చూసినా ఏ మార్పూ లేకపోతే శుక్లమో, రెటీనాలో ఇబ్బందో, ఇంకేదో ఉండొచ్చు, డాక్టర్ కచ్చితంగా చూడాలి. ఆప్టోమెట్రిస్ట్ దగ్గరుండి నేర్పిస్తే వాలంటీర్లు అరగంటలో ఈ పని పట్టుకుంటారు, డాక్టర్ దగ్గర వరస బాగా తగ్గిపోతుంది.

తర్వాత బీపీ, షుగర్. వాడుతున్న మందులు కూడా ఇక్కడే రాసుకోవాలి. రక్తం పలచబడటానికి వాడేవి, ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ లాంటివి డాక్టర్‌కి ముందే తెలియాలి, ఆ ప్రోస్టేట్ మాత్ర వల్ల ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగా తెరుచుకోకపోవచ్చు. అయితే ఏ మాత్రా ఆపమని వాలంటీర్లు చెప్పకూడదు, అది డాక్టర్ చెప్పాల్సిన మాట. షుగర్ ఉన్నవాళ్ళకి చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలని చెప్పండి. నీటికాసులు (గ్లాకోమా) ఉందని తేలినవాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లల పేర్లు కూడా అడిగి రాసుకోండి, ఆ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది, చాలామందిలో నొప్పి లేకుండా పక్కచూపు మెల్లగా తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు.

నలభై దాటినవాళ్ళలో చాలామందికి కావాల్సింది చదువుకునే కళ్ళద్దాలు మాత్రమే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, నివారించగలిగి ఉండీ లేదా సరిచేయగలిగి ఉండీ చూపు ఇబ్బందితో మిగిలిపోయినవాళ్ళు ప్రపంచంలో కనీసం 100 కోట్లమంది, అందులో 80 కోట్లకు పైగా చత్వారం (వయసుతో దగ్గరి చూపు తగ్గడం) వల్లే. కాబట్టి రెడీమేడ్ కళ్ళద్దాలు +1.00 నుంచి +3.00 దాకా అన్ని పవర్లవీ బల్ల మీద ఉంచండి, పరీక్ష అవగానే పెట్టి చదివించి ఇచ్చేయండి. ఒక సూదీ దారం కూడా పెట్టుకోండి. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి ప్రయత్నంలోనే దారం ఎక్కించిన మనిషికి పవర్ కుదిరిందా లేదా అని మళ్ళీ అడగక్కర్లేదు. పాత కళ్ళద్దాలు పోగుచేసి పంచడం మాత్రం నేను వద్దంటాను, అవి వేరే మనిషి కళ్ళకి, చాలాసార్లు రెండు కళ్ళకీ రెండు పవర్లతో తయారైనవి, వాటిని వేరుచేసి సరిపోయే మనిషిని వెతకడానికయ్యే శ్రమతో కొత్తవి ఎన్నో కొనొచ్చు.

చూపు లేనివాళ్ళని నడిపించేటప్పుడు భుజం పట్టుకుని ముందుకు తోయకండి. మీ మోచెయ్యి అందించండి, వాళ్ళే పట్టుకుని ఒక అడుగు వెనక నడుస్తారు. మెట్టు వస్తే ‘మెట్టు ఎక్కాలి’, ‘దిగాలి’ అని చెప్పండి. కుర్చీ దగ్గర వాళ్ళ చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టండి, వాళ్ళే కూర్చుంటారు. ఫొటో తీయాలంటే అడిగి తీయండి. కంటికి కట్టు కట్టినవాళ్ళని వరసగా నిలబెట్టి తీసే ఫొటో మాత్రం అసలు వద్దు.

చివరి బల్లకి మీ మంచి మనిషిని పెట్టండి

క్లబ్‌లో అందరికంటే ఓపికగా మాట్లాడే మనిషి ఎవరో వాళ్ళని చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టండి, స్టేజీ మీద కాదు. ఆపరేషన్ కావాలని డాక్టర్ చెప్పాక ఆ మనిషి వచ్చేది ఇక్కడికే. టెన్షన్‌తో వస్తారు. ‘శుక్లం ముదరాలంటారు కదా, అప్పుడు చేయించుకుంటాలే’ అంటారు. అది పాత రోజుల మాట, ఇప్పుడు ముదిరేదాకా ఆగనక్కర్లేదు, ఆగితే ఆపరేషన్ ఇంకా కష్టమవుతుంది. కంట్లో మసకబారిన సహజ లెన్స్ తీసి ఆ స్థానంలో కొత్త లెన్స్ వేస్తారు, మామూలుగా మత్తు కంటికి మాత్రమే ఇస్తారు, అరగంట లోపే అయిపోతుంది, చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్తారు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో కృత్రిమ లెన్స్ పెట్టిన దగ్గర్నుంచి ఈ పద్ధతి చాలా ముందుకొచ్చింది. ఇవన్నీ మీ మాటల్లో చెప్పండి.

కానీ వాళ్ళు పైకి చెప్పే కారణం వెనక ఇంకొకటి ఉంటుంది, దానికోసం ఆగాలి. ఒక పెద్దాయన భయం అంటూనే ఉన్నాడు, చాలాసేపు కూర్చున్నాక మెల్లగా చెప్పాడు, మంచానపడ్డ భార్యని తను లేనప్పుడు ఎవరు చూస్తారు అని. పక్కింటివాళ్ళతో మాట్లాడి ఆ ఏర్పాటు చేయగానే ఆ భయం పోయింది. కాబట్టి ‘ఎందుకు వద్దు?’ అని అడక్కండి, ‘మీరు వస్తే ఇంట్లో ఏం ఇబ్బంది?’ అని అడగండి.

లేచి వెళ్ళేముందు వాళ్ళ చేతిలో తేదీ, బండి వచ్చే చోటు, తీసుకెళ్ళే సభ్యుడి పేరు, ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసిన కార్డు ఉండాలి. ‘కబురు చేస్తాం’ అన్న మాట ఆ బల్ల దగ్గర నిషేధం.

ఆపరేషన్ తర్వాత నెల

ఆపరేషన్ అయినవాళ్ళని సభ్యులు పంచుకోండి, ఒక్కొక్కరికీ అయిదుగురు చాలు. మర్నాడు, వారానికి, నెలకి చెకప్‌లు ఉంటాయి, ఆస్పత్రి చెప్పే తేదీలే లెక్క. చుక్కలు నాలుగు వారాల దాకా వేయాల్సి రావొచ్చు, రోజులు గడిచేకొద్దీ ఎన్నిసార్లు అన్నది మారుతుంది, అందుకే పెద్దవాళ్ళు గందరగోళపడతారు. సీసాలకి రంగు దారాలు కట్టి, ఏ రంగుది ఎప్పుడో ఒక కాగితం మీద బొమ్మలతో గీసి గోడకి అంటించండి. కన్ను నలపకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు, బరువులెత్తకూడదు. ఇవన్నీ వాళ్ళకీ, ఇంట్లో చుక్కలు వేసే మనిషికీ కలిపి చెప్పండి, చుక్కలు వేసేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలన్నది రెండుసార్లు చెప్పండి.

మొదటి వారం మీరు రోజూ ఫోన్ చేయాలి. ‘బాగున్నారా’ అంటే బాగున్నాననే అంటారు, అలా కాదు. నొప్పి పెరుగుతోందా, కన్ను ఎర్రబడిందా, నిన్నటికంటే ఇవాళ చూపు తగ్గిందా, పుసి కారుతోందా అని ఒక్కొక్కటీ అడగండి. ఒక్కదానికి అవునన్నా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, రేపు చూద్దాం అనకూడదు, కంటి లోపలికి ఇన్ఫెక్షన్ చేరితే గంటలు కూడా లెక్కే.

నెల, నెలన్నర తర్వాత డాక్టర్ చెప్పినప్పుడు మళ్ళీ చూపు పరీక్ష చేయించి కావాల్సిన కళ్ళద్దాలు ఇప్పించండి. ఇంకొన్ని నెలలకో ఏళ్ళకో మళ్ళీ మసక వస్తే శుక్లం తిరిగొచ్చిందని కంగారుపడతారు. చాలాసార్లు అది కొత్త లెన్స్ వెనకనున్న పొర మసకబారడమే, లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. ఈ మాట ముందే చెప్పి ఉంచితే మీ దగ్గరికి వస్తారు, లేకపోతే ఆపరేషన్ పాడైందనుకుని ఇంట్లో కూర్చుంటారు.

రిపోర్ట్ రాసేటప్పుడు ఎంతమంది వచ్చారన్నది కింద రాయండి. పైన రాయాల్సింది ఎంతమందికి ఆపరేషన్ సలహా ఇచ్చారు, అందులో ఎంతమందికి జరిగింది, నెల తర్వాత ఎంతమంది చూపు ఎంత మెరుగైంది, జరగనివాళ్ళకి ఎందుకు జరగలేదు. ఆ ఆఖరి గడిలో రాసినవే వచ్చే ఏడాది మీ పనికి ఆధారం.

ఆ పెద్దావిడకి కుడి కన్ను ఆపరేషన్ చేయించాం, చెకప్‌లకి నేనే తీసుకెళ్ళాను. చివరి చెకప్ రోజు ఆవిడ నా చేతిలోంచి రిజిస్టర్ తీసుకుని తన పేరున్న వరస మీద వేలు పెట్టి ఒక్కో గడీ దాటుకుంటూ వెళ్ళింది, చివర్లో ఆగి "ఇదేంటి బాబూ, ఖాళీగా ఉందీ?" అంది. అది ఎడమ కన్ను గడి. మీ రిజిస్టర్‌లో కూడా ఆ గడి ఒకటి గీయండి, రెండో కంటి సంగతి తేలి అందులో తేదీ పడేదాకా ఆ పేరు కొట్టేయకండి.